పసుపు గోడల గది

మనస్తత్వశాస్త్ర విభాగంలో అందరూ ఆమెను "మళ్ళీ అక్క" అంటారు. ఇతరులు చేసిన ప్రయోగాలనే మళ్ళీ చేసి, అదే ఫలితం వస్తుందో లేదో చూడటం ఆమె పని. "ఎవరో వండిన కూరే మళ్ళీ వండుతావేంటే?" అని వాళ్ళమ్మ దెప్పుతూనే ఉంటుంది.

పసుపు గోడల గదిలో మనుషులు అబద్ధాలు తక్కువ చెబుతారని తేల్చి పేరు తెచ్చుకున్న ప్రొఫెసర్ ఒకాయన ఉన్నారు. అక్క ఊరుకుంటుందా? రంగు డబ్బా తెచ్చి, నడుం బిగించి, గోడలకు తనే పసుపు పూసింది. వచ్చినవాళ్ళు పసుపు గదిలోనూ, తెల్ల గదిలోనూ ఒకేలా, శుభ్రంగా అబద్ధాలాడారు. రెండోసారి చేసినా అంతే.

ఆ మాటే సదస్సులో చెప్పేసింది, ముందు వరసలో ఆ ప్రొఫెసరే కూర్చుని ఉండగా. ఆయన నెమ్మదిగా లేచి మైకు అందుకున్నారు.

"గోడలకి రంగు ఎవరు వేశారమ్మా?"

"నేనే సార్. మీరు వాడిన రంగే వెతికి తెచ్చాను."

"నా పనిని ఇంత శ్రద్ధగా ఇంతవరకు ఎవరూ చూడలేదు. నావి ఇంకో రెండు ప్రయోగాలున్నాయి. వచ్చే ఏడాది సదస్సుకి వాటి సంగతి కూడా తేల్చుకురా."

చప్పట్లు ఆగకముందే అక్క బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆ కూర వండినాయనే ఇంకో రెండు గిన్నెలు నా చేతికిచ్చాడు."