అన్నకు చెప్పని పరీక్ష

ఆరేళ్ల కిందట ఒకరోజు పొద్దున పదకొండు ఇరవైకి వికారాబాద్ స్టేషన్‌లో టీ తాగుతూ, డాక్టర్ చెప్పినదాంట్లో సగమే మా అన్నకు చెప్పాను. మిగతా సగాన్ని అప్పటినుంచి మోస్తున్నాను. మీరు మా ఇంటివాళ్లు కారు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అన్నకు తాండూరులో నూనె దుకాణం. కొన్నాళ్లుగా కడుపునొప్పి, అప్పుడప్పుడు విరేచనంలో రక్తం. ఆ రోజు వికారాబాద్‌లో డాక్టర్‌కు చూపించాను. అన్న మందులు కొనడానికి బయటికి వెళ్లినప్పుడు డాక్టర్ నాతో రెండు విషయాలు అన్నాడు. రక్తంలో కొవ్వు చాలా ఉంది, నూనె, నెయ్యి తగ్గించాలి. పేగులో వాపు కూడా ఉంది, నెలలోపు కింది నుంచి కెమెరా పెట్టి చూడాలి, ఆలస్యం చేయొద్దు.

"ఏమన్నడు రా తమ్మి?"

"కొవ్వు పెరిగిందట అన్నా. నూనె, నెయ్యి బంద్ చేయమన్నడు."

"నూనె అమ్మెటోన్నే నూనె తినొద్దంటడా! మంచిగుంది. ఇంకేమన్నడు?"

"గంతే."

ఎందుకన్నాను ఆ మాట? భయపెట్టకూడదనా? చాలాకాలం నాకు నేను అదే చెప్పుకున్నాను. అబద్ధం. పెద్దవాడైన అన్నతో ఆ చోటు గురించి మాట్లాడడానికి సిగ్గుపడ్డాను. ఇన్ని పుస్తకాలు చదివాను, ఆ ఒక్క మాట నోటికి రాలేదు. వచ్చే వారం చెబుదామనుకున్నాను.

ఈలోగా అన్న చిక్కిపోవడం మొదలైంది. పథ్యం పనిచేస్తోందని అందరం సంతోషించాం. మళ్లీ పరీక్ష చేయిస్తే కొవ్వు తగ్గింది. ఆ కాగితం ఇంట్లో అందరికీ నేనే చదివి వినిపించాను. రక్తం ఆగిందా అని మాత్రం అడగలేదు. అడిగితే, దాచిన పరీక్ష సంగతి చెప్పాల్సి వచ్చేది కదా.

ఏడాదికి పేగు మూసుకుపోయింది. పెద్దపేగు క్యాన్సర్, అప్పటికే కాలేయానికి పాకింది. కొవ్వూ వాపూ కలిసి ఏళ్లతరబడి దీనికి తోడ్పడి ఉండొచ్చు, కచ్చితంగా చెప్పలేం అన్నాడు హైదరాబాద్ డాక్టర్. ముందే చూసి ఉంటే బతికేవాడా అని అడిగాను. అవకాశం ఉండేది అన్నాడు. ఆ తర్వాత అన్న నాలుగు నెలలే బతికాడు.

దినాలయ్యాక వదిన నన్ను పక్కకు పిలిచింది. "నువ్వు వద్దన్నా ఇనకపోతిని. ఆయన అడిగినప్పుడల్లా అన్నంల నెయ్యేసిన. నా చేతులతోనే చంపుకున్న" అంది. కాదని చెప్పాలంటే నిజం చెప్పాలి. నోరు తెరిచాను. "ఊకో వదినా" అన్నాను.

ఇప్పటికీ ఆదివారాలు వెళ్తాను. ముందే హెచ్చరించినవాణ్నని ఆమెకు నేనంటే గౌరవం. వెళ్లకుండా ఉండలేను, వెళ్లి ఎదురుగా కూర్చోలేను. ఈ ఆదివారం చెబుతానా? తెలియదు. ఇక్కడ రాసినంత మాత్రాన ఆమె బరువు దిగదు. నాది కాస్త కదిలింది. అందుకూ సిగ్గుగానే ఉంది.

వదిన ఇప్పుడు ఎవరికీ వండి పెట్టదు.