అవతలి ఇంటి టీ

నతానియేల్ గారికి ఒక్కటే చాదస్తం. అవతలి ఇంట్లో టీ తాగనిదే ఇవతలి ఇంటి గోడ గురించి పెదవి విప్పరు.

అమెరికాలో, ఈ హెర్న్‌డన్‌ ఊళ్లో మావన్నీ వరస టౌన్‌హోమ్‌లు. రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. దాని మీద గీత పడిందంటే ఇటూ అటూ యుద్ధమే. నతానియేల్ గారు బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు తెలుగు చర్చిలో ముందు వరసలోనూ, ఉమ్మడి గోడల తగాదాల్లో నడిమధ్యనా ఉంటారు. ఫీజు తీసుకోరు గానీ, ఆయన వచ్చి వెళ్లాక రెండిళ్లలోనూ సున్నుండల డబ్బా ఖాళీ.

ఓసారి వాళ్ల పాస్టరు గారి గోడకి చెమ్మ పట్టింది. అవతలివాళ్లు సెలవులకి ఊరెళ్లారు. వాళ్లు తిరిగొచ్చి టీ పెట్టేదాకా పాస్టరు గారికైనా సలహా దొరకలేదు.

మా వంతూ వచ్చింది. మేడ మీది గదిలో షెల్ఫుల కోసం నేను వారమంతా డ్రిల్ చేశాను. పక్కింటి అబిగేల్ వాళ్ల గోడకి పగులు కనిపించింది. ఆవిడా తెలుగావిడే, నర్సు, ఒక్కతే ఉంటుంది. 'లాయర్‌తో మాట్లాడతాను' అని మెసేజ్ పెట్టింది. మా అమ్మాయి కృతిని సొంత మేనకోడల్లా చూసుకునే మనిషి, అది కనిపిస్తే తలుపేసుకోవడం మొదలెట్టింది. పిల్ల మొహం చూడలేక నతానియేల్ గారికి ఫోన్ చేశాను.

వచ్చారు. మా గుమ్మం దాకా వచ్చి పక్కింటికి తిరిగారు.

"అంకుల్! మీరు మా తరఫునా, ఆవిడ తరఫునా?"

"గోడ తరఫున. ఉండవయ్యా, టీ చల్లారిపోద్ది."

ఎప్పటికో తిరిగొచ్చి, మా వైపు కూడా తట్టి చూశారు. "పాత పగులే రఘువీర్. ఇక్కడి గోడలు జిప్సం అట్టలేగా, వాటి అతుకు దగ్గర వచ్చింది. నీ డ్రిల్ వల్ల కాదు."

"అయితే గెలిచాం! ఆవిడకి చెప్పండి!"

"చెప్పాను. శనివారం నువ్వెళ్లి పూడ్చు."

"నా తప్పు కానప్పుడు నేనెందుకు?"

"అబిగేల్ నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటది. మంచం ఈ గోడకే ఉంది. నువ్వు డ్రిల్ చేసింది ఆ పిల్ల నెత్తి మీద."

"మాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?" అంది మా ఆవిడ త్రివేణి.

"మీరు ఎప్పుడన్నా టీకి పిలిచారా?"

త్రివేణి సున్నుండల డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టింది.

శనివారం పుట్టీ డబ్బా పట్టుకుని వెళ్లాను. మంచం అప్పటికే ఎదురు గోడకి మారిపోయింది. నతానియేల్ గారు నడుం పట్టుకుని కుర్చీలో మూలుగుతున్నారు.

అబిగేల్ నవ్వుతూ ఎదురొచ్చింది. "థాంక్స్ అన్నయ్యా! మంచం జరపమని అంకుల్‌ని మీరే పంపించారంట కదా. నేనేమో లాయరూ అదీ అన్నాను. సారీ."

నేను ఆయన వైపు చూశాను. ఆయన సీలింగ్‌ని మహా శ్రద్ధగా పరీక్షిస్తున్నారు.

"అవునమ్మా," అన్నాను, చచ్చినట్టు. ఆ పుణ్యంలో నా సొంత వాటా కూడా కొంత ఉండాలని, "ఇకమీదట డ్రిల్ నీ సెలవు రోజునే," అని కలిపాను.

"సరే గానీ, కృతి ఏది? దాన్ని చూసి ఎన్నాళ్లయిందో!"

కిటికీలోంచి ఒక్క కేక వేశాను. పిల్ల చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది.