రెండు గాట్ల రొట్టె

బాయ్‌సున్ కొండల్లో ఈష్‌మురాద్ తాతని ఎరగనివాళ్లు లేరు. ఆయన నాలుగు మాటలు మాట్లాడగా విన్నవాళ్లూ లేరు. నలభై ఏళ్ల కాపురంలో భార్య రోహత్‌తో ఆయన అన్నవన్నీ కలిపితే మూడే: "టీ తే", "గాడిదేదీ", "సరే". అలాంటి మనిషికి డెబ్బయ్యో ఏట మాటలు నేర్చుకునే అవసరం పడింది.

రోహత్ కళ్లలో శుక్లాలు ముదిరిపోయాయి. తందూరులో రొట్టె అంటించబోయి మోచెయ్యి కాల్చుకుంది. ఈ చలికాలం దాటితే చూపు దక్కదని డాక్టరు చెప్పేశాడు. పట్నం ఆసుపత్రికి చచ్చినా రానంటుంది ఆవిడ. "నోరుమూసుకుని బస్సెక్కు!" అని ఈయన అరిచాడు. ఇంకేముంది, ఆవిడ మరింత మొండికేసింది.

సంతలో మంగలి నర్మత్ గడ్డం గీస్తూ అంతా విన్నాడు. ఎంతటి మొండివాడి చేతనైనా అవుననిపించగల నోరు అతనిది.

"తాతా, ఒక్క రోజులో వచ్చే విద్య కాదిది. రోజూ కాస్త సాధన చెయ్యి. ముందు గద్దించడం మాని అడగడం నేర్చుకో. అడిగాక అవతలివాళ్లు చెప్పేదాకా ఆగు. మధ్యలో నోరు జారబోతే టీ గుక్కేసుకో."

సాధన గాడిదతో మొదలైంది. "ఏమమ్మా, వాగు దాటుదామంటావా?" అన్నాడు. ఎన్ని తిట్లకూ కదలనిది చక్కా దాటింది! తాత పొంగిపోయి ఇంటికొచ్చి, "రోహత్, ఇవాళ ఏం తినాలనుందే నీకు?" అన్నాడు. ఆవిడ గాభరాగా వచ్చి ఆయన నుదురు తడిమింది.

"జ్వరమేమైనా తగిలిందేంటయ్యా?"

మూడు వారాలు రోజూ అలాగే ఏదో ఒకటి అడిగాడు. ఓ ఉదయం టీ దగ్గర అసలు మాట అడిగాడు.

"పట్నమంటే నీకెందుకే అంత భయం?"

ఆవిడ మోచేతి మీది కాలిన మచ్చ తడుముకుంది. 'పిరికిదానా' అనే మాట ఆయన నాలిక చివరికొచ్చింది. గుక్కేశాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ గుక్కేశాడు. టీ పియాలా ఖాళీ అయినా పెదాల దగ్గరే పట్టుకు కూర్చున్నాడు పాపం.

"మా అమ్మ ఆసుపత్రికెళ్తూ, ప్రయాణానికి ముందు మనవాళ్లంతా చేసినట్టే రొట్టె కొరికి తగిలించి వెళ్లింది," అంది రోహత్ చివరికి. "తిరిగొచ్చి మిగతాది తినాలి కదా. రాలేదు. ఆ ముక్క గోడ మేకుకి అలాగే ఉండిపోయింది, దాన్ని చూస్తూ పెరిగాను. నాదీ అలాగే అయితే, దాని కింద నువ్వొక్కడివే కూర్చుంటావు. అది తలుచుకుంటేనే నా ప్రాణం పోతుందయ్యా."

తన గురించి కాదు, ఆయన గురించి ఆవిడ భయం! ఈష్‌మురాద్ లేచి అప్పుడే కాల్చిన రొట్టె తీసుకుని ముందు తనే కొరికాడు. బస్సెక్కితే కళ్లు తిరుగుతాయని ముప్పై ఏళ్లుగా కొండ దిగని మనిషి ఆయన.

"నేనూ వస్తున్నా. తిరిగొచ్చి ఇద్దరం తిందామా?"

ఆ రొట్టెను వేళ్లతో తడుముతూ ఆయన గాటు దొరికేదాకా వెతికి, రోహత్ దాని పక్కనే కొరికింది.

రొట్టెను మేకుకి తగిలించి వెళ్లిన ఇద్దరూ పన్నెండో రోజు తిరిగొచ్చారు. మేకు మీది రొట్టె ఎండి గట్టిపడింది. రోహత్ దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమయ్యో, నీ గాటేంటి ఇలా ఉంది? ముందు పళ్లెప్పుడు ఊడాయి?"

"మూడేళ్లయింది."

"నాకు చెప్పొద్దూ!"

నువ్వు అడిగావా అనబోయి, తాత టీ గుక్కేశాడు. రోహత్ ఆ రొట్టెను తుంచి, ముక్క ముక్కా టీలో నానబెట్టి ఆయనకి అందిస్తూ కూర్చుంది.