లారీ చేప

చేపల్లో శవాలకి పూసే మందు కలుపుతున్నారని టీవీల్లో ఊదరగొట్టిన ఏడాది అది. విజయనగరం మార్కెట్లో మా అత్తా నేనూ పక్కపక్కనే కూర్చుని చేపలు అమ్మేవాళ్లం. వచ్చినవాళ్లు మొప్పలెత్తి చూసి, వేళ్లు వాసన చూసుకుని, కొనకుండానే పోయేవారు.

ఆ వారం గాలి ఎక్కువై మా ఊరి పడవలు సముద్రం మీదకి పోలేదు. వేరే దారి లేక అత్త లారీలో వచ్చిన ఐసు చేప దింపించింది. ఎక్కడ పట్టారో, ఎన్నాళ్లదో మాకు తెలీదు.

మర్నాడు పొద్దున్నే ఒకాయన స్కూటరు ఆపి నేరుగా అత్త మీదకి వచ్చాడు.

"నిన్న నీ దగ్గర కొన్న చేపే! మా ఆవిడకి రాత్రి నుంచీ వాంతులు. ఆసుపత్రిలో పడుంది. ఏటి కలిపేవు అందులో?"

జనం మూగారు. ఎవరో వీడియో తీస్తున్నారు. పక్కవాళ్లు మాతో సంబంధం లేనట్టు గంపలు అవతలకి లాక్కున్నారు. అదే చేప రాత్రి మా ఇంట్లోనూ వండాను. నా కూతురు మళ్లీ అడిగి పెట్టించుకుని తింది.

"మన పడవ చేపేనని చెప్పీ అత్తా" అన్నాను చెవిలో.

అత్త లేచి నిలబడింది. "లారీ సేప బాబూ. ఎక్కడిదో నాకు తెల్దు. నానైతే ఏటీ కలపనేదు. రాత్రి మేమూ అదే తిన్నాం."

ఒక్కసారిగా గోల లేచింది. ఎవరో నా గంపని తన్నారు. చేపలు బురదలో పడ్డాయి. అత్త అటు చూడనైనా చూడలేదు. కొంగు నడుముకి దోపి, "పద, నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లు" అని ఆయన స్కూటరు వెనక ఎక్కి కూర్చుంది. తిట్టబోయినవాడు కాస్తా బండి తీశాడు.

ఇంటికి ఫోను చేశాను. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేశాను. చివరికి పక్కింటావిడకి చేస్తే, "నీ కూతురా? సద్దన్నం తినీసి బడికెల్లింది కదే" అంది. అక్కడే, ఆ బురదలోనే చతికిలబడ్డాను.

అత్త మధ్యాహ్నానికి నడుచుకుంటూ వచ్చింది. ఆయన వీధివాళ్లు ఇంకా చాలామంది అదే వార్డులో ఉన్నారట. చేప ముట్టనివాళ్లూ ఉన్నారట. కుళాయి నీళ్లలో మురుగు కలిసిందని డాక్టరు తేల్చాడట. ఆయన మాత్రం అత్తని అక్కడే వదిలేసి వార్డులోకి వెళ్లిపోయాడట.

నాకు ఒళ్లు మండింది. "లారీ చేపేనని చెప్పకపోతే ఏం పోయేది? గంప తన్నించావు!"

"నాను అబద్దమాడితే డాక్టరు ఆవిడికి ఏ మందిస్తాడే?" అంది అత్త. నీళ్ల సీసా మూత తియ్యబోతే రాలేదు. నేనే తీసిచ్చాను.

వీడియో మాత్రం ఊరంతా తిరిగింది. చాన్నాళ్లు మా వైపు ఎవరూ రాలేదు. గాలి తగ్గి పడవలు కదిలినా, జనం మళ్లీ వచ్చేదాకా ఎండు నెత్తళ్ల చేపలు గంపకెత్తుకుని పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగాం.