స్కిప్ నొక్కిన టెక్నికల్ హెడ్

ఈ సంగతి చెప్పాల్నా వద్దా అని నాలుగేండ్లు ఆగిన. చెప్తె ఇజ్జత్ పోతది. చెప్పకుంటె లోపల రాయి లెక్క కూసుంటది. పోతె పోనీ అని ఇయ్యాల చెప్తున్న, వినుండ్రి. ఒక గురువారం నాడు, పొద్దుగాల పదింటికి మొదలువెట్టి మధ్యాన్నం మూడున్నర లోపట, నేను ఒక ఆడపిల్ల పెండ్లిల అప్పగింతలను దునియా మీదికెళ్లి మాయం చేసిన. కరెంటు పోలే, మిషిన్ కరాబ్ కాలే, దొంగలు వడలే. నేనొక్కన్నే చేసిన. రెండు చేతులు గూడ అక్కెర రాలే, ఒక్క వేలుతోటి అయిపోయింది.

అప్పుడు నేను కరీంనగర్ల ఒక పెండ్లి వీడియోల స్టూడియోల ఎడిటింగ్ చేస్తుంటి. నా పేరు శీను. మాది సిరిసిల్ల. మా బాపు సాంచలు, అంటె కరెంటు మగ్గాలు, నడిపి నన్ను చదివిచ్చిండు. మూన్నెల్ల కంప్యూటర్ కోర్సు చేసిన, దాని సర్టిఫికెట్‌కు అద్దం కట్టిచ్చిన. స్టూడియోల ఎవ్వరు అడగకముందే నాకు నేనే ‘టెక్నికల్ హెడ్’ అని పదవి ఇచ్చుకొని కార్డులు గూడ కొట్టిచ్చుకున్న. మా ఓనర్ మల్లేశన్న ఆ కార్డు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, “అరె, నా స్టూడియోల ఒక హెడ్ ఉన్నడని నాకే తెల్వకపాయె” అన్నడు. ఆయన ఎక్కిరిచ్చిండని నాకు సమజ్ అయ్యేటందుకు రెండేండ్లు వట్టింది.

మా స్టూడియోల ఒక మూలకు నల్ల డబ్బ ఒకటి ఉండేది. దాన్నే సర్వర్ అంటుంటిమి. ఎవలు ఏ షూటింగ్ చేసినా ఆ వీడియోలన్నీ అండ్లనే వెయ్యాలె. మల్లేశన్న, నేను, రజిత ముగ్గురం మూడు కంప్యూటర్ల మీద కూసొని అండ్లకెళ్లే తీసుకొని పని చేసేది. అది ముగ్గురికి ఉమ్మడి బాయి అనుకోండ్రి. దానికి తిప్పలైతె ముగ్గురికి తిప్పలే.

రజిత అంటె చేరి నెల కూడ కాలే. పొద్దుగాల మంథని కాడ బస్సెక్కి పెద్దపల్లి మీదికెళ్లి వచ్చేది. మాట్లాడుడు తక్వ. నేను చెప్పిందల్ల వింటదని నాకు ఆ పిల్ల మీద మంచి అభిప్రాయం ఉండె. వింటుందో, ఊకుంటుందో ఎన్నడు చూసిన పాపాన పోలే.

ఇగ అసలు కథ. ఇచ్చోడల ఒక పెండ్లి. పెండ్లిపిల్ల పేరు లావణ్య. వాళ్ల బాపు భూమన్న మస్కట్ల పని చేస్తడు. ఎంత మొత్తుకున్నా సెలవు ఇయ్యలేదట. బిడ్డ పెండ్లి ఫోన్ల వీడియో కాల్ పెట్టుకొని చూసిండు. తలంబ్రాల దాక మంచిగనే చూసిండు. సరిగ్గ అప్పగింతల కాడికి వచ్చే వరకు ఫోను కట్టయింది. ఎన్నిమాట్ల చేసినా కలవలే. పిల్ల కార్ల కూసునేటప్పుడు ఆ బందయిన ఫోన్‌నే రెండు చేతులతోటి పట్టుకొని “బాపూ, నేను పోతున్ననే” అని ఏడ్చింది. ఆ షూటింగ్ చేసింది నేనే. కెమెరా వెనక నిలవడి నేను గూడ ముక్కు తుడ్సుకున్న.

తెల్లారి బయలెల్లేటప్పుడు పెండ్లిపిల్ల తల్లి రాజవ్వ నా చెయ్యి పట్టుకున్నది.

“బిడ్డా, శుక్రారం మా ఆయనకు సుట్టి. రూములున్నోళ్లందరు కూసొని చూస్తరట. అప్పగింతలు ఒక్కటన్న ఆ పొద్దటికి పంపుండ్రి. మీకు పుణ్యముంటది.”

“ఫికర్ చెయ్యకు చిన్నమ్మా, నేనున్న గద” అన్న. నేను లేకుంటెనే బాగుండు అని అప్పటికి ఎవ్వలకు తెల్వదు.

గురువారం పొద్దుగాల పదింటికి కెమెరా కార్డు తెచ్చి నా కంప్యూటర్‌కు పెట్టిన. పేర్లు పెట్టుడంటె నాకు మహా సంబురం. సర్వర్ల నా ఫోల్డర్ పేరు ‘టెక్నికల్ హెడ్ శీను స్పెషల్ వర్క్స్’. దాని లోపట ‘ఆదిలాబాద్ జిల్లా పెద్ద పెండ్లిండ్లు’. దాని లోపట ‘ఇచ్చోడ పెండ్లి పూర్తి షూటింగ్ శీను సొంతంగ తీసినయి’. ఇగ కార్డుల ఉన్న అప్పగింతల ఫైల్‌కు పెట్టిన పేరు వినుండ్రి: ‘లావణ్య వెడ్స్ ప్రశాంత్ అప్పగింతలు పెండ్లిపిల్ల ఏడుపు వాళ్లవ్వ ఏడుపు మేనమామ ఏడుపు కారు ఎక్కుడు కారు పోవుడు ఒరిజినల్ షూట్ బై టెక్నికల్ హెడ్ శీను కరీంనగర్ ఫైనల్’. ఇదంత ఇంగ్లీషు అక్షరాలల్ల. పెండ్లి పత్రిక మీద గూడ అంత మ్యాటర్ ఉండది.

అన్నీ పట్టి సర్వర్లకు గుంజిన. మంచిగ పోతున్నయి, పోతున్నయి, టక్కున ఆగినయి. తెర నడుమ ఒక డబ్బ లేసింది. రెండు లైన్ల ఇంగ్లీషు, కింద రెండు బటన్లు: స్కిప్, క్యాన్సిల్. ఈగను కొట్టినట్టు క్యాన్సిల్ కొట్టిన. మళ్ల గుంజిన. మళ్ల అక్కడనే ఆగింది. మళ్ల కొట్టిన. గిట్ల ఏడు మాట్ల.

రజిత తన కుర్సీలకెళ్లి మెల్లగ అడిగింది, “అన్నా, ఆ డబ్బల ఏం రాసున్నది?”

“ఎర్రర్ అని రాసున్నది.”

“ఏం ఎర్రర్ అన్నా?”

“ఎర్రర్ అంటె ఎర్రరే. అండ్ల తీర్లుంటయా? నీ పని నువ్వు చూసుకో.”

ఫస్టు వైరు మీద అనుమానవడ్డ. వైరు పీకి, నోటితోటి ఊది, మళ్ల పెట్టిన. కాలే. వైరు మార్చిన. కాలే. అప్పుడు ఒక డాక్టర్ లెక్క లేసి, సర్వర్ ముందల నిలవడి, బటన్ వట్టుకొని దాన్ని బంద్ చేసిన. ఎవ్వరికి చెప్పలే. వెనకకెళ్లి రజిత “అయ్యో” అన్నది.

“ఏమైంది?”

“రెండు గంటలసంది చేస్తున్న అన్నా. సేవ్ కాలే. జర చెప్పి బంద్ చేస్తె అయిపోవు గద.”

“రిపేర్ అన్నంక గిట్లనే ఉంటది. సేవ్ చేసుకుంట పని చేసుడు నేర్చుకోవాలె” అని ఆ పిల్లకే క్లాసు పీకిన. యాదికొస్తె ఇప్పటికి నా చెవులు కాల్తయి.

పన్నెండింటికి మల్లేశన్న వచ్చిండు. నా మొకం చూడంగనే సమజ్ అయినట్టుంది.

“ఏంది శీనూ, పరేషాన్‌గ ఉన్నవ్? ఇచ్చోడది ఎక్కిందా?”

ఇగ్గో, ఇక్కడ ఒక్క మాట అంటె కథ ఒడుస్తుండె. ‘అన్నా, నాకు సమజ్ అయితలేదు’ అంటె చాలు. కని టెక్నికల్ హెడ్ అట్లెట్ల అంటడు? నా నోట్లెకెళ్లి వచ్చింది వేరే మాట.

“ఎట్ల ఎక్కుతదన్నా? సర్వర్ల జాగ లేదు. గీ పిల్ల అచ్చినకాంచి ఒక్కొక్కటి రెండు మూడు మాట్ల దాచుకుంటది. దీని ఫోల్డర్ మొత్తం తీసెయ్యాలె.”

సర్వర్ల జాగ ఉందా లేదా అని నేను చూడనే లేదు. ఒట్టిగనే అన్న. మల్లేశన్న రజిత దిక్కు తిరిగి, “ఏం బిడ్డా, అందరు వాడుకునేది గద, జర చూసుకోవద్దా?” అన్నడు. రజిత తల దించుకొని మౌస్ దిక్కే చూసింది.

“ఇప్పుడే తీసెయ్యనా అన్నా?” అన్న నేను, జోరు మీద.

“వద్దు, మాపటికి చూద్దాం. ముందుగాల నీది ఎక్కియ్యి” అన్నడు మల్లేశన్న. ఆయన అట్ల అనకపోతె ఇయ్యాల నేను ఈ కథ నవ్వుకుంట చెప్పకపోదును.

“నేను చాయ తాగొస్త. నా మిషిన్ ఎవ్వరు ముట్టద్దు” అని రజిత దిక్కు చూసుకుంటనే బయటికి పోయిన.

తిరిగొచ్చి మళ్ల గుంజిన. మళ్ల డబ్బ లేసింది. ఈసారి నా వేలు స్కిప్ మీదికి పోయింది. స్కిప్ అంటె దుంకుడు అని నాకెరుకే, చిన్నప్పుడు బడిల తాడాట ఆడిన గద. ఇది ఆ ఎర్రర్ మీదికెళ్లి దుంకి అవతల వడ్తది అనుకున్న. అది నా ఫైల్ మీదికెళ్లి దుంకింది. మిగిలినయన్ని సర్రున ఎక్కినయి, ‘అయిపోయింది’ అన్నట్టు డబ్బ మాయమైంది.

“మల్లేశన్నా, ఎక్కింది!” అని కేక పెట్టిన. “సర్వర్ అంటె భయం పెట్టాలె, అంతే.”

“అన్నీ ఎక్కినయా? చూసినవా?”

“నా పనికి మళ్ల చూసుడేందన్నా.”

అప్పుడే మా కెమెరా నడిపే ఓదెలన్న ధర్మపురిల ఒడుగు షూటింగ్‌కు పోతుండు. కార్డు గావాలన్నడు. నేను అండ్లున్నదంత తుడిచి ఖాళీ చేసి, అత్తరు రాయుడొక్కటే తక్వ, ఆయన చేతుల పెట్టిన.

మూడున్నరకు మల్లేశన్న ఇచ్చోడ పెండ్లి ముందలేసుకున్నడు. కొద్దిసేపయినంక పిలిచిండు.

“శీనూ.”

“అన్నా.”

“లగ్గం అయింది, బువ్వలైనయి, పిల్ల ఇంకా మండపంలనే కూసున్నది. ఎంతసేపు కూసుంటది? అప్పగింతలేవిరా?”

ఉరికిన. ఫోల్డర్ మొత్తం ఎతికిన. లేదు. నా కంప్యూటర్ల ఎతికిన. లేదు. ఓదెలన్నకు ఫోన్ చేసి, “అన్నా, కెమెరా ఆపు, ఆ కార్డు ముట్టకు!” అని ఒర్రిన.

“ఏం ఆపుడు తమ్మీ, పిలగాడు బిచ్చం ఎత్తుతుండు, కార్డు సగం నిండింది” అన్నడు ఆయన.

కుర్సీ పట్టుకున్న. కండ్ల ముందట ఆ పిల్ల, చేతుల బందయిన ఫోను, ‘బాపూ, నేను పోతున్ననే’. ఆ మాట ఆ తండ్రికి ఇగ జన్మల వినవడది. మల్లేశన్న నన్ను తిట్టలే. రెండు చేతులతోటి మొకం మూసుకున్నడు. తిట్టినా బాగుండు.

అప్పుడు రజిత లేసి నిలవడ్డది.

“అన్నా, నా ఫోల్డర్ల ‘ఒకటి’ అని ఉంటది. జర తెరిచి చూడుండ్రి.”

మల్లేశన్న తెరిచిండు. లావణ్య కార్ల కూసుంటుంది. రాజవ్వ ఏడుస్తుంది. మేనమామ ఏడుస్తుండు. ఇక్కడ కుర్సీ పట్టుకొని నేను ఏడుస్తున్న.

“ఎట్ల వచ్చింది బిడ్డా ఇది?” అన్నడు మల్లేశన్న.

“శీనన్న చాయకు పోయినప్పుడు వేసిన. ముట్టద్దన్నడు, కని అది రేపటికే పంపాల్నంటిరి గద. ఫోల్డర్ల పేర్లు, ఫైల్ పేరు కలిసి పొడుగైనయి, అందుకే పోతలేదు. నా దాంట్ల వేస్తె ఎక్కింది, అక్కడ ఒకటి అని పేరు పెట్టిన. చెప్తె మళ్ల ఒర్లుతడని చెప్పలే.”

నేను తీసెయ్యాలె అన్న ఫోల్డర్ అదే. మల్లేశన్న నా దిక్కు ఒక్కసారి చూసి మళ్ల తెర దిక్కు తిరిగిండు.

అయిపోయింది అనుకుంటున్నరా? అసలు సిగ్గు ఇప్పుడుంది.

ఆ రాత్రికే అప్పగింతలు మస్కట్‌కు పంపినం. శుక్రవారం పదకొండింటికి అక్కడి నుంచి భూమన్న ఫోన్ చేసిండు. మల్లేశన్న పనిల ఉండి, “శీనూ, మాట్లాడు” అని నా చేతుల పెట్టిండు.

“బిడ్డా... నా బిడ్డ నన్ను పిలిచిందిరా. నాకు తెల్వనే తెల్వదు. ఎనిమిది మందిమి కూసొని చూసినం. ఎవ్వలకు బువ్వ పోలే. నువ్వు పంపకపోతె నాకు ఈ మాట ఎట్ల వినవడుతుండె?”

రజిత అని చెప్పాలె. మూడు అక్షరాలు. నోరు తెరిస్తె ఏం వచ్చిందో తెలుసా?

“ఏముందన్నా, మా డ్యూటీ గద.”

రజిత పక్కనే ఉన్నది. విన్నది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నది. అండ్ల ఏ పాట లేదు, వైరు ఊడి కింద ఏలాడుతుంది. ఆ వైరు చూసినంక నాకు మధ్యాన్నం టిఫిన్ డబ్బ మూత గూడ తియ్యబుద్ధి కాలే.

రెండింటికి నేనే మస్కట్‌కు ఫోన్ కలిపిన. అందరు వినేటట్టు నిలవడి మాట్లాడిన.

“భూమన్నా, పొద్దుగాల అబద్ధం చెప్పిన. నేను మీ బిడ్డ అప్పగింతలు పోగొట్టినోన్ని. కాపాడింది వేరే పిల్ల, పేరు రజిత. ఆ పిల్లనే నేను తిట్టిన.”

“ఆ బిడ్డ ఉన్నదా ఆడ?”

“ఉన్నదన్నా.”

“మరి నువ్వెందుకు మాట్లాడుతున్నవ్? ఆమెకియ్యి.”

ఇచ్చిన. రజిత “అయ్యో, గంత మాటెందుకు బాబాయ్” అనుకుంట కండ్లు తుడ్సుకున్నది. ఫోన్ పెట్టినంక ఆమె ముందల నిలవడ్డ.

“రజితా, మాఫ్ చెయ్యి. నీ రెండు గంటల పని పోగొట్టిన, లేనిపోని మాట అన్న. ఇంకోటి గూడ చెప్త. ఆ డబ్బలది చదవక కాదు, నాకు చదువరాదు. ఇంగ్లీషు అంత పొడుగుంటె నాకు చెమటలు వడ్తయి. అడిగితె నామోషి అని కొట్టేస్తుంటి. నీ లెక్క నాకు ఇంగ్లీషు రాదు.”

రజిత నన్ను వింతగ చూసింది.

“నాక్కూడ రాదన్నా. ఆ డబ్బను ఫోన్‌తోటి ఫొటో కొడితె అదే తెలుగుల చెప్పింది.”

స్టూడియోల నవ్వింది మల్లేశన్న ఒక్కడే. చానాసేపు నవ్విండు.

ఆ దినం అందరి ముందల చెయ్యెత్తి ఒట్టు వేసుకున్న, మీ ముందల మళ్ల వేసుకుంటున్న: తెర మీద ఏ డబ్బ లేసినా, మొదటి అక్షరంకెళ్లి ఆఖరి చుక్క దాక గట్టిగ చదువుత, సమజ్ కాకుంటె సమజ్ కాలేదని అంతకంటె గట్టిగ చెప్త, అప్పటిదాక ఏ మనిషి మీద నోరు లేపను, ఏ బటన్ మీద వేలు పెట్టను. నాలుగేండ్లసంది తప్పలే. కని నేను చదువుడు మొదలువెట్టంగనే రజిత ఈసారి సొంపుగ వైరు పెట్టుకొనే హెడ్‌ఫోన్లు ఎక్కిచ్చుకుంటది, మల్లేశన్న చాయకు లేస్తడు. నా ఇంగ్లీషు గట్లుంటది మరి.