త్రాసులో పెట్టిన ఫోను

రండి, ఇట్లా దగ్గరగా జరిగి కూర్చోండి. చేతిలో ఫోను ఉంటే కాసేపు బోర్లా పెట్టండి. కథ దాని జాతి గురించే, వింటే నొచ్చుకుంటుంది. ఆ రోజుల్లో (అంటే మా అవ్వల కాలం అనుకోకండి, నేను కాటన్‌పేటకు కొత్త కోడలిగా వచ్చిన రోజులు) టచ్ ఫోను చేతికొస్తే పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకునేవాళ్ళం. పడుకునేటప్పుడు దాని మీద చిన్న గుడ్డ కప్పేవాళ్ళం. అది ముసలిదవుతుందని, అదీ మన కళ్ళ ముందే, మన తల నెరవకముందే ముసలిదవుతుందని ఎవరికీ తోచలేదు. ఎందుకు ముసలిదవుతుందో కనిపెట్టాలని మా ఇంటిల్లిపాదీ పడిన పాట్లు తలుచుకుంటే నాకిప్పటికీ వంటింట్లో ఒక్కదానికే నవ్వొస్తుంది.

నేను హిందూపురం దగ్గర ఒక పల్లెలో ఏడో తరగతి దాకా చదివాను. (పాసయ్యావా అని అడక్కండి, ఏడు దాకా వెళ్ళాను.) చదువు అబ్బలేదు గానీ ఒకసారి విన్న మాట మాత్రం నా తలలోంచి పోదు. ఎవరింటి పెళ్ళిలో ఏ కూర మాడిందో ఇప్పటికీ చెప్పగలను. పెళ్ళప్పుడు మా అక్క ఒకే రకం టచ్ ఫోన్లు రెండు కొని, ఒకటి తను ఉంచుకుని ఒకటి నాకిచ్చింది. మా అత్తగారిల్లు కన్నడ పట్నం నడుమ, కాటన్‌పేటలో పాత మిద్దె. కింద అంగడి, పైన కాపురం. అంగడి అంటే కర్పూరం, కుంకుమ, వత్తులు, సాంబ్రాణి, అన్నీ హోల్‌సేల్. మా ఆయన సరుకు వెంట ఎప్పుడూ ఊళ్ళు తిరుగుతుండేవాడు. మా మామ దగ్గర బటన్ ఫోను ఒకటి ఉండేది, దాన్ని ఆయన గట్టిగా అరిచి మాట్లాడటానికి వాడేవాడు. ఆడవాళ్ళు అంగట్లో కూర్చోవడం ఆ ఇంట్లో లేదు. కోపతాపాలేమీ లేవు, అడిగితే "చోటు యాడుండాది?" అనేవాడు మామ, అంతే.

అట్లాంటిది, ఊళ్ళలో చిల్లర అంగళ్ళ వాళ్ళు "సరుకు ఫోటో పంపించండి, చూసి చెప్తాం" అని మొదలుపెట్టారు. బటన్ ఫోనులో ఫోటో ఎక్కడిది? ఒక పొద్దున మామ మెట్ల కింద నిలబడి కేకేశాడు. "ఏమ్మా, ఆ టచ్ ఫోను తీసుకోని కిందికి రా!" జాగ్రత్తగా వినండి, ఆయన పిలిచింది ఫోనును. దాన్ని మోసుకొచ్చే సంచిలాగా నేను వెంట వెళ్ళాను. కర్పూరం డ్రమ్ముల పక్కన నాకొక ముక్కాలి పీట పడింది. అక్కడ కూర్చుంటే వీధంతా కనిపించేది. మూటలు దింపే వాళ్ళ తగాదాలు, బండ్ల బేరాలు, టీ గ్లాసులు ఊపుకుంటూ పోయేవాళ్ళు. పైన ఉంటే కనిపించేది బట్టలారేసే దండెం ఒక్కటే. రెండేళ్ళు ఆ పీట మీద నేను మహారాణిని. అత్తిబెలెలో అంగడి పెట్టుకున్న ఒకాయన (మేం అత్తిబెలె అన్న అనేవాళ్ళం) ఫోటో అడిగితే, ఆయన టీ ఊదుకునే లోపల పంపేసేదాన్ని.

ఇంతలో ఫోను తెర మీద అప్‌డేటు అని అడగడం మొదలైంది. ముట్టుకోవద్దని మామ ఆజ్ఞ. "అది ఒత్తితే ఫోను నిదానమయిపోతాదంట. కొత్తది కొనిపించేకి కంపెనీవాళ్ళ ఎత్తు. మార్కెట్టంతా చెప్తాండారు." ఇక మా మరిది. సర్జాపురం వైపు సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని, అక్కడే స్నేహితులతో గది, ఆదివారం మాత్రం బట్టల మూటతో ఇంటికి. (మూట ఉతకడానికి, ఆయన తినడానికి.) ఆయన నా ఫోను చూసి నెత్తి కొట్టుకున్నాడు. "వదినా, ఏడాది నుంచి పెండింగ్ ఉంది! సెక్యూరిటీ ప్యాచ్‌లు ఉంటాయి ఇందులో. దొంగలు రాకుండా కొత్త తాళం వేసినట్టు."

"తాళం మారిస్తే తలుపు నిదానంగా తెరుచుకుంటాదా అప్పా?" అన్నాడు మామ గల్లాపెట్టె దగ్గరి నుంచి.

"నిదానం కాదు నాన్నా, అదంతా మిత్, ఉత్త పుకారు."

"సరే, ఎంత దిగుమతి అవుతాది లోపలికి?"

"వన్ పాయింట్ ఫైవ్ జీబీ."

"అంత సరుకు యాడ పెట్టుకుంటాది? తూకం వేసి చూస్తాం పట్టు."

"డేటాకి వెయిట్ ఉండదు నాన్నా!"

"బరువు లేని సరుకు మన అంగట్లోకి ఇంతవరకు రాలేదు" అని మామ కుంకుమపువ్వు తూచే చిన్న త్రాసు దించాడు. ఒక తట్టలో నా ఫోను, ఇంకో తట్టలో తూకపురాళ్ళు, చివరికి నాలుగు బియ్యపు గింజలు కూడా వేసి, ముల్లు నడిమికి వచ్చాక "ఇంక ఎవురూ రాళ్ళు ముట్టుకోగూడదు" అన్నాడు. ఫోను తీసి చార్జరుకు తగిలించి, మరిది అప్‌డేటు ఒత్తాడు. మధ్యలో ఒకాయన కుంకుమపువ్వు అడగడానికి వస్తే "త్రాసు ఖాళీ లేదు, రేపు రా అప్పా" అని పంపించేశాడు మామ. ఆ వచ్చినాయన ఖాళీ తట్టకేసీ రాళ్ళకేసీ చూసి, మా అందరి మొహాలూ చూసి, సంచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. పని అయ్యాక ఫోనును మళ్ళీ తట్టలో పెట్టాం. ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ముల్లు అటు ఇటు ఊగి సరిగ్గా నడుమ నిలబడింది. "మోసమేమీ కాలేదు" అన్నాడు మామ తృప్తిగా. మరిది గోడకు తల ఆనించుకున్నాడు.

మోసం మరునాటి నుంచి తెలిసింది. తెర మీద ఒక అక్షరం ఒత్తి, తిరిగి ఒక కర్పూరం పొట్లం అందుకుని, మళ్ళీ ఇటు తిరిగితే అప్పుడొచ్చేది ఆ అక్షరం. కెమెరా తెరిస్తే నల్లగా చూస్తూ ఉండేది, ఎవరు నువ్వన్నట్టు. "చూస్తివా? నేను చెప్తి గదా!" అన్నాడు మామ. ఫోనులో మరిది, "రెండు మూడు రోజులు లోపల సర్దుకుంటుంది, వెయిట్ చేయండి" అన్నాడు. వెయిట్ లేదని వాడే అన్నాడు కదా అన్నాడు మామ.

ఆ రాత్రి అన్నం దగ్గర మామ కొంచెం ఆలోచనలో పడ్డాడు. "ఒకటి మాత్రం అర్థం కాలేదు. కర్పూరం డబ్బా మూత పెట్టినా లోపల తగ్గిపోతాంటాది. ఎవురూ తీసుకోరు, ఎవురూ ముట్టరు. ఫోను కూడా అట్లే అరిగిపోయే జాతేమో, అప్‌డేటు మీద నింద పడిందేమో." మా అత్త వింటూ మజ్జిగ పోస్తోంది. మా వ్యాపారంలో కర్పూరం తగ్గిపోకుండా డబ్బాలో నాలుగు మిరియాలు వేస్తారు, మీ ఇంట్లో కూడా వేసే ఉంటారు. మరునాడు పొద్దుటి నుంచి నా ఫోను దానంతట అదే ఆరిపోవడం మొదలైంది. వెలిగిస్తే ఆరిపోతుంది, ఇంకోసారి వెలిగిస్తే మళ్ళీ ఆరిపోతుంది. సరిగ్గా అప్పుడే అత్తిబెలె అన్న బిళ్ళ కర్పూరం ఫోటో అడిగాడు. నేను పంపేసరికి మధ్యాహ్నమైంది. ఆ పాటికి ఆయన అవెన్యూ రోడ్డులో ఇంకొకరి దగ్గర సరుకు ఎత్తేశాడు.

మామ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "సాకమ్మా" అన్నాడు మెల్లగా, కన్నడంలో చాలమ్మా అని. "దానికీ విశ్రాంతి, నీకూ విశ్రాంతి. ఆదివారం వీడు అంగడికి కొత్త ఫోను తెస్తాడు, నేర్చుకోని నేనే చూసుకుంటా. నువ్వు పైన ఉండు." ముక్కాలి పీట మీద వత్తుల కట్ట పెట్టేశారు ఎవరో. నేను పైకి వెళ్ళి, దండెం కింద నిలబడి ఫోను కవరు తీసి తుడుద్దామనుకుంటే, లోపలి నుంచి నల్లగా మిరియాలు రాలాయి! అవి కవరును ఉబ్బించి పక్క బటన్‌ను నొక్కేస్తున్నాయి.

"అత్తా! ఇవేంది?"

"అరిగిపోకుండా ఉంటాదని వేస్తి" అంది అత్త, తప్పేమీ లేనట్టు. "నువ్వు కిందుంటేనే నాకు సుఖం. పైనుంటే పొద్దస్తమానం కతలు చెప్పి నా తల తింటావు."

మిరియాల సంగతి తేలింది గానీ నిదానం తేలలేదు. నిజంగా అప్‌డేటే నా పీట లాగేసిందా? పడుకున్నా అదే ఆలోచన. అప్పుడు గుర్తొచ్చింది, మా అక్క ఫోను! ఒకే రోజు కొన్నది, ఒకే రకం, మా బావ భయం కొద్దీ ఒక్కసారీ అప్‌డేటు ఒత్తనివ్వలేదు. ఆదివారం దాన్ని తీసుకుని రమ్మని పోరాను. "నన్ను రమ్మంటాండావా, ఫోన్నా?" అంది అక్క. నాకు సగం సిగ్గేసింది.

ఆదివారం అందరం మిద్దె మీద చేరాం. పందెం ఏమిటంటే రెండు ఫోన్లూ ఒక్కసారి కెమెరా తెరిచి, ఫోటో తీసి, మరిదికి పంపాలి. కాలం కొలవడానికి మామకు గడియారం నచ్చలేదు, బిళ్ళ కర్పూరం వెలిగించాలన్నాడు. "మన సరుకు ఎంతసేపు మండుతాదో నాకు తెలుసు, గడియారంలో బ్యాటరీ ఎట్లాంటిదో ఎవురికి తెలుసు?" అత్త హారతి పళ్ళెం తెచ్చింది. పళ్ళానికి అటొక ఫోను, ఇటొక ఫోను, నడుమ జ్యోతి. ఎదురు మిద్దె మీద బట్టలు పిండుతున్న కన్నడామె పిండడం ఆపేసి, "ఏనమ్మా, ఫోన్‌గె ఆరతీనా?" అని అడిగింది. "హౌదు, హుషారిల్ల అదక్కె" అంది అత్త, దానికి ఒంట్లో బాగాలేదని.

బిళ్ళ సగం పైగా కాలాక నా ఫోటో వెళ్ళింది. అక్క ఫోను? బిళ్ళ ఆరిపోయి పొగ కూడా పోయాక వెళ్ళింది! "చూశారా! అప్‌డేట్ చేయనిదే ఎక్కువ స్లో!" అని మరిది గంతులేశాడు. మామ గడ్డం గోక్కున్నాడు. "ఉండప్పా. రెండిటికీ ఒకే మేత వేసిండారా?" మంచి ప్రశ్న. అక్క ఫోను తెరిచి చూస్తే గులాబీపూల శుభోదయాలు, మా బావ తీసిన దూడల వీడియోలు, ఒకే పెళ్ళి నాలుగు చోట్ల నుంచి. నా దాంట్లో కర్పూరం ఫోటోలు, ఎవరూ కొనని సరుకువి కూడా. "గోడౌన్ నిండితే మనిషి నడిచేకి దారుండదు" అన్నాడు మామ. మరిది రెండూ ఖాళీ చేసి (దూడలు పోతుంటే అక్క కళ్ళు తుడుచుకుంది) మళ్ళీ బిళ్ళ వెలిగించాడు. ఈసారి రెండూ చురుగ్గా పోయాయి, కానీ అక్కదే ఒక పిసరు ముందు. ఇప్పుడు గంతు మామ వంతు. "అయితే ఈ నిదానంలో అప్‌డేటుకి కూడా పాలు ఉండాది!"

"కొంచెం ఉంది నాన్నా" అన్నాడు మరిది, మొదటిసారి మెత్తగా. "కొత్త సాఫ్ట్‌వేర్‌ను కొత్త ఫోన్‌ల కోసం రాస్తారు."

"అంటే గూళ్ళు పాతవే, వచ్చే పెట్టెలు మాత్రం పెద్దవి. అంతేనా?"

"అంతే. బ్యాటరీ కూడా డల్ అయింది. కానీ తాళం మాత్రం వదిన ఫోనుదే గట్టిది."

"ఎంత పాలు దానిది, ఎంత పాలు వయసుది?" అని మామ వదలకుండా అడిగాడు. మరిదికి తెలియదు. నాకూ తెలియదు. ఆ ప్రశ్న ఆ మిద్దె మీద పొగతోపాటు పోయింది, నాకు తెలిసి ఇంకా దిగలేదు.

ఇంత తేలినా ఒకటి మారలేదు. మరిది సంచిలోంచి కొత్త ఫోను బయటికొచ్చింది, తళతళా మెరుస్తూ. మామ దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. నా ఫోను నిర్దోషో, సగం దోషో తేలి ఏం లాభం, నా పీటకు పని లేకుండా పోయింది. సోమవారం పొద్దున దండెం మీద చొక్కాలు ఆరేస్తూ కింది మాటలు వింటున్నాను. మామ కొత్త ఫోనులో ఒకరి మాట గట్టిగా మోగింది. అత్తిబెలె అన్న గొంతే. "అన్నా, ఆయమ్మ లేదా? పోయిన పండగకి నాకు ఏ బిళ్ళలు పంపించిండారో ఆయమ్మకే ఎరుక. ఫోటో ఏమీ వద్దు." మామ ఏదో వెతుకుతున్నాడు, ఒత్తుతున్నాడు, ఫోను మెరుపులా తెరుచుకుంటోంది, కావలసింది మాత్రం దొరకడం లేదు. పోయిన పండగకు ఆయన తీసుకున్నది పసుపు డబ్బాలో వచ్చే చిన్న బిళ్ళలు, వాళ్ళ కోడలికి పొగ పడదని పెద్దవి వద్దన్నాడు. నోట్లో బట్టల క్లిప్పు పెట్టుకునే ఇదంతా మనసులో అనుకున్నాను.

అప్పుడు మెట్ల కింద నుంచి కేక వచ్చింది. "అమ్మా, కిందికి రా!"

నేను అలవాటుగా ఫోను కోసం చెయ్యి చాచి, ఆగిపోయాను. ఈసారి ఆ మాటలో ఫోను లేదు. ఖాళీ చేతులతో దిగాను. పీట మీది వత్తుల కట్ట మామే తీసి పక్కన పెట్టాడు, చోటు లేదని మాత్రం అనలేదు.

చాలా ఏళ్ళయింది. ఇప్పుడు గల్లా దగ్గర కూర్చునేది నేనే. మామ పక్కన కుర్చీలో కునుకు తీస్తూ, మధ్యలో లేచి "అప్‌డేటు వచ్చిందా?" అని అడుగుతాడు, ఇంకా తేల్చుకోవాల్సింది ఉన్నట్టు. మొన్న అత్తిబెలె అన్న వచ్చి నిలబడితే ఆయన కోడలి పేరు నా నాలుక మీదికి రావడానికి కొంచెం ఆలస్యమైంది. పొట్లం అందుకుని ఇటు తిరిగాక వచ్చింది, అచ్చం ఆ రోజుల్లో నా ఫోనులో అక్షరం వచ్చినట్టు. "అమ్మా, నువ్వు స్లో అయిపోతున్నావు" అంది పక్కనుంచి నా కూతురు. మిరియాలు వెయ్యవే అన్నాను. దానికి అర్థం కాలేదు. ఆనాడు ఖాళీ చేతులతో మెట్లు దిగిన ఆ కోడలిపిల్ల ఇది వింటే ఎంత నవ్వేదో.

ఇంక పొద్దుపోయింది, లేవండి. మీ ఇంటి కర్పూరం డబ్బా మూత గట్టిగా ఉండాలి, మీ గూళ్ళలో కొత్తవాటికి ఎప్పుడూ చోటుండాలి, మెట్ల కింద నుంచి మిమ్మల్నే పిలిచే గొంతు ఒకటి మీ ఇంట్లో నూరేళ్ళు ఉండాలి. చల్లగా ఉండండి.