క్రేను దిగిన అల్లుడు

మా అల్లుడిని రేవులో అందరూ గద్ద అంటారు. ముక్కు చూసి పెట్టిన పేరు కాదు, ముక్కు పాపం చప్పిడిదే. ఓడల్లోంచి ఇనుప పెట్టెలు దించే పెద్ద క్రేనుకు నెత్తిన ఒక అద్దాల గది ఉంటుంది. అందులో కూర్చుని, కాళ్ళ కిందున్న గాజుపలకలోంచి నేలను చూస్తూ ఇరవై ఏళ్ళు గడిపాడు. మెడ ముందుకు వంగిపోయింది. ఇంట్లో కంచం ముందు కూర్చున్నా అదే చూపు. ముద్దను ఎక్కడ దించాలా అని ఆలోచిస్తున్నట్టుంటాడు.

సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి ఏం చేస్తాడని అడిగాను. "పైన కూర్చుంటాడండీ" అన్నారు. "మేనేజరా?" అన్నాను. "ఇంకా పైన" అన్నారు. మేనేజరు కంటే పైవాడు దొరికాడని ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

అతని గురించి నేను కోయని కోతలు లేవు. ఒకసారి మబ్బు కొక్కేనికి చిక్కుకుంటే దాన్ని విదిలించి పక్క ఊళ్ళో వాన కురిపించాడని వీధి వీధంతా చెప్పాను. అబద్ధమాడితే నాలుక మీద నల్లమచ్చ పడుతుందని కాన్వెంటులో సిస్టరమ్మ బెదిరించేది. ఆ లెక్కన నా నోరు బొగ్గుల బస్తా. ఇప్పుడు చెప్పేదాంట్లో మాత్రం కోత లేదు. కలుపుదామన్నా ఎక్కడా సందు దొరకలేదు.

క్రేను వాళ్ళకు జీతం కాక ఎత్తు బత్తా అని ఒకటి ఉండేది. అంత పైకెక్కి ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చున్నందుకు ఇచ్చేది. జీతంతో ఇల్లు గడిచేది, బత్తాతో మనవరాలి నర్సింగు చదువు సాగేది. ఒకరోజు పొద్దున షిఫ్టు ముందు సూపర్‌వైజరు అందరినీ నిలబెట్టి, పై గదులు మూసేస్తున్నామని చెప్పాడు. ఇకనుంచి క్రేనుకు కెమెరాలుంటాయి. ఆఫీసు వెనక గదిలో ఒక మనిషి తెర ముందు కూర్చుని మూడు క్రేన్లు చూసుకుంటాడు. అంటే ముగ్గురికి ఒక కుర్చీ. ఎత్తు లేదు కాబట్టి బత్తా ఉండదు. ఆ కుర్చీ కావాలన్నా పరీక్ష నెగ్గాలి. నెగ్గనివాళ్ళు కిందికి దిగి లారీల దగ్గర పెట్టెల గొళ్ళేలు తియ్యాలి. దానికి జీతం సగానికి సగం.

"బయట చూడవయ్యా, మేడలు కట్టేచోట క్రేన్లు లేవా?" అన్నాను.

"వెళ్ళొచ్చాను మామయ్యా. వయసెంత అన్నాడు. నలభై ఎనిమిది అన్నాను. నలభై లోపువాళ్ళు కావాలి, నిచ్చెనెక్కాలి కదా అన్నాడు. రోజూ ఎక్కుతూనే ఉన్నానండీ అన్నాను."

"దానికేమన్నాడు?"

"మీరు ఎక్కుతారు, ఇన్సూరెన్సు వాళ్ళు ఎక్కరు అన్నాడు. పైగా అక్కడ రోజు కూలీ. గాలి వీస్తే పని లేదు, పని లేకపోతే డబ్బు లేదు."

"ఏమండీ, ఆ పరీక్ష మీకో లెక్కా?" అంది మా అమ్మాయి. "కళ్ళు మూసుకుని నెగ్గుతారు."

అల్లుడు నవ్వాడు. రేవులో అతనంత మెత్తగా పెట్టె దించేవాడు లేడు. ఇది నా కోత కాదు, లారీ వాళ్ళే చెబుతారు.

పరీక్ష రోజు క్యారియర్ పట్టుకుని నేనూ వెళ్ళాను. గేటు దగ్గర కాపలావాడు ఆపితే క్రేన్ల డాక్టర్నన్నాను. వాడు నా క్యారియర్ వాసన చూసి, "మందులు ఘుమఘుమలాడుతున్నాయి తాతా, పో" అని వదిలేశాడు. గది బయట, ఓరగా తెరిచిన గాజు తలుపు వెనక బెంచీ మీద కూర్చున్నాను.

గది చల్లగా ఉంది. మెత్తని కుర్చీ, ఎదురుగా తెరలు, చేతికి రెండు చిన్న పిడులు. నేర్పే అమ్మాయి మా మనవరాలి కంటే నాలుగేళ్ళు పెద్దదేమో, మంచి పిల్ల. బయట నిజం క్రేనుకు ఖాళీ పెట్టె తగిలించి ఉంది. దాన్ని గీసిన గడిలో దించాలి.

తాడుకు వేలాడే బరువు ఊగుతుంది. ఎటు ఊగితే అటే క్రేనును కాస్త నడిపి, దాని నెత్తి మీదికి చేరితే శాంతిస్తుంది. గుక్కపట్టిన పిల్ల వెనక పరిగెత్తి ఎత్తుకున్నట్టు. మా అల్లుడికి అది లెక్క కాదు, ఒంట్లోకి దిగిపోయిన పని. ఈ కొత్త యంత్రం ఊగుడును తనే పట్టుకుంటుంది. ఎక్కడికి పోవాలో చెప్పి మనిషి చేయి తీసేయాలి, అంతే.

పెట్టె లేచింది. ఊగింది. యంత్రం దాని వెనక వెళ్ళింది. మా అల్లుడూ వెళ్ళాడు. ఇద్దరూ ఒకేసారి ఎత్తుకోబోతే పిల్ల ఏమవుతుంది? పెట్టె ఇంకా గట్టిగా ఊగింది.

"సార్, చేయి తీసేయండి. అదే ఆగుతుంది" అంది ఆ అమ్మాయి.

"ఊగుతోందమ్మా!"

"ఊగనివ్వండి సార్."

తీశాడు. పెట్టె మళ్ళీ కాస్త కదిలిందో లేదో చేయి దానంతటదే పిడి మీద పడింది. ఆ అమ్మాయి ఓపిగ్గా మళ్ళీ మొదటినుంచి చేయించింది. "పోనీ, ఈసారి చేతులు తొడల కింద పెట్టుకోండి సార్" అంది. చిన్నపిల్లాడిలా చేతుల మీద కూర్చున్నాడు. పెట్టె చక్కగా వెళ్ళింది. గడి మీదికి వచ్చి, దిగేముందు ఒక్కసారి పక్కకి వాలింది. యంత్రం ఆపేదే. మా అల్లుడి కుడిచేయి బయటికొచ్చింది.

తెర మీద పెట్టె వెళ్ళి పక్కనున్న పెట్టెల దొంతరను చప్పుడు లేకుండా తాకింది. ఆ తర్వాత బయటినుంచి ఢామ్మన్న మోత వచ్చింది.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ అమ్మాయి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి, "కొత్తవాళ్ళకు తేలిక సార్. పాతవాళ్ళలో బాగా చేసేవాళ్ళకే కష్టం" అంది. ఓదార్పనుకుంది పాపం.

క్రేను ముఖం ఎన్నడూ చూడని కుర్రాడికి ఆ కుర్చీ దక్కింది.

మా అల్లుడు గొళ్ళేల పనిలో చేరాడు. మనవరాలు చదువు ఆపి బట్టల షాపులో నిలబడుతోంది. ఎవరూ ఆపమనలేదు, ఫీజు గడువు దానంతటది దాటిపోయింది. మా అమ్మాయి ఆ మాట ఎత్తదు, గిన్నెలు మాత్రం గట్టిగా తోముతుంది.

నెల తిరిగాక ఒక సాయంత్రం అల్లుడు రేవునుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే గుమ్మంలో కూలబడ్డాడు.

"మామయ్యా, రోజూ ఆ క్రేను కిందే నిలబడుతున్నాను."

"జాగ్రత్తయ్యా, నెత్తిన పడగలదు."

"పడదు. అదే చూస్తున్నాను. ఎప్పుడైనా ఒక్కటి తప్పు పెడుతుందేమో, అప్పుడు నన్ను పైకి పిలుస్తారేమోనని వచ్చిన ప్రతి పెట్టెనూ చూస్తున్నాను." మెడ ఎత్తాడు. ఇన్నేళ్ళు కిందికి చూసిన మెడ, ఎత్తితే నొప్పి. "ఇవాళ గాలి బాగా వీచింది. నేనున్నప్పుడైతే పని ఆపేవాణ్ణి. అది ఆపలేదు. తెచ్చి లారీ మీద పువ్వులా పెట్టింది. ఊగనన్నా ఊగలేదు."

మంచినీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టాను.

"నాకంటే బాగా చేస్తోంది మామయ్యా" అన్నాడు, బూటు లేసు విప్పుకుంటూ.